సైడ్ ప్యానెల్ లేని బండి

మన కాలేజీ బైక్ స్టాండులో చివర్న, షెడ్డు నీడ అందని చోట, ఒక పాత పసుపు బండి ఉంటుంది. ఎడమ వైపు సైడ్ ప్యానెల్ ఉండదు, లోపలి వైర్లు కనిపిస్తుంటాయి. అది నాదే. ఫస్టియర్‌లో చేరినప్పటి నుంచి దాని గురించి నన్ను అడిగిన ప్రశ్నలు మూడే మూడు. "ఎంతిస్తుందిరా?" "అమ్ముతావా?" "ఇదింకా నడుస్తుందా?" మొదటిదానికి జవాబు, లీటరుకి 37. మిగతా రెండిటికీ జవాబు చెప్పాలంటే కొంచెం టైం పడుతుంది. క్లబ్బు వాళ్ళు "నీకు బాగా తెలిసిన దాని మీద రాయి, కోడింగ్ మీద మాత్రం వద్దు" అన్నారు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

ముందే చెప్పేస్తున్నా, నాది ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. ఒత్తులు తప్పు పోతే దిద్దుతామని ఎడిటర్లు మాటిచ్చారు. పైగా ఈ బండి మీద నాకున్న తెలుగంతా మెకానిక్ షెడ్డు తెలుగు. షాక్ అబ్జార్బర్ అంటే మా మేస్త్రికి నచ్చదు, షాకబ్జర్ అనాలి. స్పానర్ అంటే అసలు అర్థం కానట్టు చూస్తాడు, పానా అనాలి.

తెలియనివాళ్ళకి: ఇది హీరో హోండా కరిజ్మా, 2006 మోడల్. నేనూ అదీ ఒకే సంవత్సరం పుట్టాం. ఈ బండి మార్కెట్లోకి మొదట వచ్చింది 2003లో. ధర సుమారు ఎనభై వేలు, అప్పట్లో అది చాలా పెద్ద డబ్బు. ఊళ్ళో బండంటే వంద సీసీ అనుకునే రోజులు. స్ప్లెండర్‌కి ఏడున్నర హార్స్ పవర్ అయితే దీనికి 223 సీసీ ఇంజిన్, 17 హార్స్ పవర్. ముందు డిస్కు బ్రేకు, హ్యాండిల్ దగ్గర సగం ఫెయిరింగు, 15 లీటర్ల ట్యాంకు. హృతిక్ రోషన్ యాడ్ చూసి ఆ తరం వాళ్ళు పిచ్చెక్కిపోయారట. ఇవాళ మన స్టాండులో 17 అంటే నవ్వుతారు, నాకు తెలుసు. కానీ దీన్ని సిగ్నల్ దగ్గర అందరికంటే ముందు లేవడానికి చేయలేదు, దూరం పోవడానికి చేశారు. నడుము మరీ వంగదు, మరీ నిటారుగా కూడా ఉండదు. డెబ్భై మీద పెట్టి పోనిస్తే పోతూనే ఉంటుంది. ఇలాంటి బళ్ళని స్పోర్ట్ టూరింగ్ అంటారు. ఇప్పుడు ఆ పేరుతో చాలా బళ్ళు ఉన్నాయి, అప్పుడు మనవాళ్ళకి దొరికింది దాదాపు ఇదొక్కటే.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. దీనికి కిక్కు ఉండదు. సెల్ఫ్ ఒక్కటే. బ్యాటరీ పోయిందా, తోసుకోవడమే.

హీరో, హోండా విడిపోతున్నట్టు 2010 డిసెంబర్‌లో చెప్పారు, తర్వాతి ఏడాది నుంచి కంపెనీ పేరు హీరో మోటోకార్ప్ అయింది. నా బండి ట్యాంకు మీద మాత్రం ఇద్దరి పేర్లూ ఇంకా కలిసే ఉన్నాయి.

మాది నిజాంపట్నం. ఎక్కడుందిరా అంటే బాపట్ల జిల్లా, రేపల్లె నుంచి ఇంకా కిందికి, రోడ్డు ఆగిపోయి సముద్రం మొదలయ్యే చోట. మా ఊరు గొప్ప కూడా ఒకటి చెప్పుకుంటా: డచ్చివాళ్ళు 1606లోనే ఇక్కడ దిగి వ్యాపారం పెట్టారు, ఇంగ్లీషువాళ్ళు 1611లో వచ్చారు. పాత రికార్డుల్లో పెటపోలి అని ఉంటుంది. ఇప్పుడు హార్బరు, బోట్లు, మడ అడవులు, ఊరి చుట్టూ రొయ్యల చెరువులు. మా నాన్న బోటు ఇంజిన్ల పని చేస్తాడు. మా ఊళ్ళో గాలికి ఇనుము నిలవదు. గేటుకి రంగేస్తే రెండో ఏడాదికే పొలుసులు లేస్తుంది. అలాంటి ఊళ్ళో ఒక మోటార్ సైకిల్ ఐదేళ్ళు కదలకుండా నిలబడింది. అసలు కథ అదే.

బండి మా మావయ్యది. అమ్మకి తమ్ముడు. 2009లో వనామి రొయ్యకి అనుమతి వచ్చాక మా వైపు చాలామంది చెరువుల్లోకి దిగారు, మావయ్య కూడా కౌలుకి తీసుకుని దిగాడు. మొదట్లో బాగా వచ్చింది. ఆ డబ్బుతో 2012లో తెనాలిలో ఈ కరిజ్మాని సెకండ్ హ్యాండులో కొన్నాడు. అప్పుడు నాకు ఆరేళ్ళు. నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని హార్బరు దాకా తీసుకెళ్ళేవాడు. మీటర్లో ముల్లు కదలడం చూస్తూ కూర్చునేవాణ్ణి. నాకు గుర్తున్న మావయ్య అంటే వెనకాల నుంచి వచ్చే గొంతు, రెండు పక్కలా రెండు చేతులు. మొహం అంతగా గుర్తు లేదు, ఎందుకంటే నేనెప్పుడూ ముందుకే చూసేవాణ్ణి.

తర్వాత వరసగా పంటలు పోయాయి. తెల్లమచ్చ వైరస్ తగిలితే చెరువు మొత్తం నాలుగైదు రోజుల్లో ఖాళీ అవుతుంది, అంత గట్టు మీద నిలబడి చూడటమే. మేత బాకీ, కౌలు బాకీ, కరెంటు బాకీ. ఒక్క పంట వస్తే అన్నీ తీర్చేస్తానని అమ్మ దగ్గర నాలుగు కాసుల గొలుసు తీసుకుని తాకట్టు పెట్టాడు. ఆ పంటా రాలేదు. గొలుసు వేలానికి పోయింది. 2018లో ఒక రాత్రి మావయ్య హైదరాబాద్ వెళ్ళిపోయాడు. బండి మా ఇంటి పక్క రేకుల షెడ్డులో, నీలం పట్టా కింద ఉండిపోయింది.

అమ్మ ఆ తర్వాత తమ్ముడితో మాట్లాడలేదు. పేరు కూడా ఎత్తేది కాదు. పాత సామాన్ల వాడు వీధిలోకి వచ్చినప్పుడల్లా "ఆ ఇనప ముక్క ఇచ్చేద్దాం" అనేది నాన్నతో. నాన్న "చూద్దాంలే" అనేవాడు. నాన్న చూద్దాంలే అన్నాడంటే జరగదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. నేనప్పుడు ఇంటర్ సెకండియర్. ఆ రోజు గాలి గురించి మీలో ఇటు వైపు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. సాయంత్రం కొంచెం తెరిపిచ్చాక బయటికి వచ్చి చూస్తే షెడ్డు మీద రేకులు లేవు, పట్టా ఎక్కడో పక్కవాళ్ళ కొబ్బరి చెట్టుకి చుట్టుకుంది. బండి ఒక్కటే వానలో నిలబడి ఉంది. రెండు టైర్లూ గాలి దిగి నేలకి అతుక్కుపోయాయి. సైలెన్సర్ కింది భాగం తుప్పుకి రంధ్రాలు పడింది. ఎడమ పక్క ప్యానెల్ ఆ గాలికే ఎగిరిపోయింది, మళ్ళీ దొరకలేదు. నేను చాలాసేపు చూశాను. మామూలుగా నేను పనికొచ్చే వస్తువు చూసి కూడా పెద్దగా ముచ్చట పడే రకం కాదు. అదెందుకో పడ్డాను.

మావయ్యకి ఫోన్ చేశా. ఆయన నంబరు నాన్న దగ్గర ఉండేది, అమ్మకి తెలియకుండా. "అదింకా ఉందా?" అన్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "బాగు చేయించుకుంటానంటే వద్దు. బాగు చేసుకుంటానంటే తీసుకో అల్లుడూ" అన్నాడు. అప్పుడు ఆ రెండిటికీ తేడా ఏంటో నాకు తెలియలేదు. డబ్బులు మిగులుతాయని అలా అన్నాడనుకున్నా.

ఇంటర్ పరీక్షలు అయిపోయేసరికి వేట నిషేధం మొదలైంది. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర బోట్లు సముద్రంలోకి పోకూడదు, 61 రోజులు. అంటే నాన్న రెండు నెలలు ఒడ్డు మీదే ఉంటాడు. ఈఏపీసెట్‌కి చదువుతున్నానని చెప్పి పొద్దున పుస్తకం, సాయంత్రం బండి. నాన్న మొదట దూరంగా మంచం మీద కూర్చుని చూసేవాడు. ఆయనకి డీజిల్ ఇంజిన్లు తప్ప మిగతావి ఇంజిన్లు కావు. "ప్లగ్గు పెట్టి అంటిస్తే గానీ మండని దాన్ని ఇంజిన్ అంటారంటరా?" అనేవాడు. డీజిల్‌కి ప్లగ్గు ఉండదు కదా, గాలిని నొక్కితే పుట్టే వేడికే మండుతుంది. అదొక కులగౌరవం లాంటిది బోటు మెకానిక్కులకి. మూడో రోజుకి మంచం బండి దగ్గరికి జరిగింది. ఐదో రోజు నా చేతిలో పానా లాక్కున్నాడు.

అన్నిటికంటే ట్యాంకు కష్టపెట్టింది. మూత తీస్తే లోపల అంతా ఎర్రమట్టి రంగు. పెట్రోలు ఎండిపోయి వార్నిష్ వాసన. నాన్న పాత చైను ముక్క ఒకటి తెచ్చి లోపల వేసి, డీజిల్ పోసి మూత పెట్టి, "ఊపు" అన్నాడు. పసిబిడ్డని ఊపినట్టు ట్యాంకుని ఒళ్ళో పెట్టుకుని ఊపడమే. ఎర్ర నీళ్ళలా వస్తుంది, పారబోసి మళ్ళీ డీజిల్. నాలుగు సాయంత్రాలు. నా భుజాలు పడిపోయాయి. ఒకవైపు చెవిలో ఈఏపీసెట్ ఫిజిక్స్ వీడియో నడుస్తుండేది, తుప్పు కెమిస్ట్రీలో వస్తుందని నాకు అప్పుడు తట్టలేదు.

కార్బేటర్ని రేపల్లె తీసుకెళ్ళా. అక్కడ ఒక మేస్త్రి ఉన్నాడు, అరవై ఏళ్ళు ఉంటాయి. పేరు రాయొద్దన్నాడు, "మళ్ళీ మీ కాలేజీ పిల్లలంతా వస్తార్రా" అని. కార్బేటర్ విప్పి పైలట్ జెట్టు చూపించాడు. స్క్రూ లాంటి చిన్న ఇత్తడి ముక్క, మధ్యలో జుట్టు పట్టేంత రంధ్రం. బండి నిలకడగా ఉన్నప్పుడు ఇంజిన్‌కి పెట్రోలు అందేది ఆ రంధ్రం లోంచే. అది మూసుకుపోతే ఏక్సిలేటర్ వదిలిన వెంటనే బండి ఆగిపోతుంది. నేను గుండుసూదితో పొడవబోతే చేతి మీద కొట్టాడు. "ఇత్తడి మెత్తనిది, సూది గట్టిది. రంధ్రం పెద్దదైతే ఇంక జన్మలో మైలేజీ రాదు." కరెంటు వైరు లోంచి రాగి పోగు ఒకటి లాగి దాంతో తీశాడు. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది కదా, అది నీటిని పీల్చుకుంటుంది, పాత బళ్ళ రబ్బరు పైపుల్ని కూడా తినేస్తుంది. అందుకే బండి నెల రోజులు తీయకపోతే ట్యాప్ కట్టేసి కార్బేటర్ ఖాళీ చేయమన్నాడు. అప్పటి నుంచి సెమిస్టర్ పరీక్షలకి ముందు నేను తప్పకుండా చేసే రివిజన్ అదొక్కటే.

మిగతావి త్వరగా చెప్పేస్తా. బ్రేకు పిస్టన్ బిగుసుకుపోతే లివర్ నొక్కి నొక్కి నూనె ఒత్తిడితోనే బయటికి తోశాం. సైలెన్సర్‌కి హార్బర్లో బోట్ల వెల్డింగ్ చేసే అన్న మాసిక వేశాడు, అందంగా లేదు గానీ బోటంత గట్టిగా ఉంది. చైన్ సెట్టు, ఫోర్కు సీళ్ళు, క్లచ్ కేబుల్ విజయవాడ ఆటోనగర్లో దొరికాయి. టైర్లు, బ్యాటరీ కొత్తవి. మొత్తం పద్నాలుగు వేల చిల్లర. ఇంటర్ మార్కులకి నాన్న కొంటానన్న ఫోను వద్దని చెప్పి ఆ డబ్బు దీంట్లో పెట్టా. స్క్రీన్ పగిలిన పాత ఫోనే ఇప్పటికీ.

జూన్ మొదటి వారంలో ఒక సాయంత్రం స్టార్ట్ అయింది. మొదట తెల్లటి పొగ, తర్వాత ఒక దగ్గు, తర్వాత నిలబడింది. నాన్న "ఆ" అన్నాడు అంతే. అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఒక్క నిమిషం విని లోపలికి వెళ్ళిపోయింది. ఆ శబ్దం ఆవిడకి కూడా తెలుసు కదా, ఒకప్పుడు రోజూ సాయంత్రం ఇంటి ముందు ఆగే శబ్దం.

నడిచింది సరే, రోడ్డెక్కాలంటే కాగితాలు కావాలి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకే, అంటే 2021లో అయిపోయింది. బండి చూపించి రెన్యువల్ చేయించుకుంటే ఇంకో ఐదేళ్ళు ఇస్తారు. ఆర్సీ మావయ్య పేరు మీద ఉంది, కాబట్టి ఆన్‌లైన్ దరఖాస్తు పెడితే ఓటీపీ ఆయన ఫోన్‌కి వెళ్తుంది. నేను లాప్‌టాప్ ముందు కూర్చుని ఫోన్ స్పీకర్లో పెట్టా. సరిగ్గా అప్పుడే నెట్ ఆగింది, నేను డాబా మీదికి పరిగెత్తా. కిందికి వచ్చేసరికి అమ్మ ఫోన్ పక్కన కూర్చుని క్యాలెండర్ వెనక ఆరు అంకెలు రాస్తోంది. మావయ్య అంకెలు చెప్తున్నాడు, అమ్మ "ఊ" అంటోంది. ఆరుసార్లు ఊ అంది. తర్వాత ఫోన్ నా చేతికిచ్చి వెళ్ళిపోయింది. ఆరేళ్ళలో వాళ్ళిద్దరి మధ్య జరిగిన మొత్తం సంభాషణ అదే. నేను ఎంటర్ చేసేలోపు ఆ ఓటీపీ టైం అయిపోయింది, అది వేరే సంగతి. రెండోసారి మాత్రం నాకే చెప్పాడు.

బాపట్లలో బండి చూపించి, ఇన్సూరెన్స్ కట్టి, నా లైసెన్స్ వచ్చాక, ఆ వానాకాలం నుంచి కాలేజీకి దాని మీదే. మీకు తెలిసిన భాగం అది.

మొన్న దసరాకి ముందు, అంటే 2025 సెప్టెంబర్ చివర్లో, అమ్మ నాతో చెప్పింది. "ఆ బండి తీసుకెళ్ళి వాడికి ఇచ్చేసి రా. నువ్వు రేపల్లె రైలెక్కి వచ్చెయ్."

ఎందుకమ్మా అంటే చెప్పలేదు. నేను పేరు మార్పించుకుందామని ఫారాలు డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నా అప్పటికే. ఏడాదిన్నర కష్టపడ్డ బండి. కోపం వచ్చింది, కానీ ఆవిడ గొలుసు ముందు నా పద్నాలుగు వేలు ఎంత? నాన్న వైపు చూస్తే "చూద్దాంలే" అనలేదు ఈసారి. నోట్లో మాట నోట్లోనే ఉంచుకుని చుట్ట వెలిగించుకున్నాడు.

బయల్దేరే ముందు రోజు సాయంత్రం నేనే స్వయంగా టాపెట్లు సెట్ చేశా. వీడియో చూసి. అప్పటిదాకా ఇంజిన్ తలలో టిక్కు టిక్కు అని ఒక శబ్దం వస్తుండేది, కుట్టు మిషన్ లాగా. ఇచ్చేసే బండి కదా, కనీసం శుభ్రమైన శబ్దంతో ఇద్దామనుకున్నా. కొంచెం కొంచెం బిగించుకుంటూ పోతే ఆ టిక్కు పూర్తిగా పోయింది. వెన్నలా ఉంది శబ్దం. చాలా గర్వంగా పడుకున్నా.

అక్టోబర్ 1న తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరా. నిజాంపట్నం నుంచి రేపల్లె, భట్టిప్రోలు, వేమూరు, తెనాలి. కుడి ఎడమలా వరి, చెరువుల మీద ఏరేటర్లు తిరుగుతున్న చప్పుడు తగ్గుతూ వచ్చి, వేమూరు దాటాక అరటి తోటల వాసన. తెనాలి నుంచి గుంటూరు, సత్తెనపల్లి, పిడుగురాళ్ళ. పిడుగురాళ్ళ దగ్గరకొస్తే అన్నీ సున్నపు బట్టీలు, చెట్ల ఆకులు కూడా తెల్లగా ఉంటాయి. మా ఊళ్ళో ఉప్పు, ఇక్కడ సున్నం. దాచేపల్లి దాటి వాడపల్లి దగ్గర కృష్ణ మీద వంతెన ఎక్కితే అవతల తెలంగాణ. మా పెనుమూడి దగ్గర సముద్రంలో కలిసే ముందు చూసే కృష్ణ ఇది, ఇక్కడ రాళ్ళ మధ్య వేరే మనిషిలా ఉంది. బండి దిగి ఫోటో తీసుకున్నా.

ఆ బండి అసలు ఏంటో నాకు అర్థమైంది ఆ రోజే. కాలేజీ, ఇల్లు మధ్య అది ఎప్పుడూ కొంచెం బద్ధకంగా ఉండేది. నాలుగో గంటకి దాని ఒళ్ళు వేడెక్కి, నా ఒళ్ళు దానికి అలవాటై, ముందున్న రోడ్డు తప్ప ఏమీ గుర్తు లేదు. ఎనభై మీద హ్యాండిల్లో కొంచెం కూడా వణుకు లేదు. నేను పుట్టిన సంవత్సరంలో ఎవరో ఇంత శ్రద్ధగా ఒక వస్తువు చేశారు అనిపించింది. దీన్ని ఇచ్చేయడానికి వెళ్తున్నా అని గుర్తొచ్చినప్పుడల్లా కొంచెం నెమ్మది చేసేవాణ్ణి.

మిర్యాలగూడలో టీ తాగి సెల్ఫ్ కొడితే స్టార్ట్ కాలేదు. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవట్లేదు. ఎండ మండిపోతోంది. కిక్కు లేదని చెప్పాను కదా. టీ కొట్టు ముందు ఇద్దరు లారీ వాళ్ళు తోశారు, రెండుసార్లు, కాలేదు. "వదిలెయ్ తమ్మీ, సల్లారనీ" అన్నాడు ఒకాయన. నలభై నిమిషాలు ఆగాక ఒక్క దెబ్బకి స్టార్ట్ అయింది. నేను కార్బేటర్ అనుకున్నా. నార్కట్‌పల్లి దగ్గర మళ్ళీ అదే. ఆపితే స్టార్ట్ అవదు కాబట్టి అక్కణ్ణించి చౌటుప్పల్ మీదుగా హయత్‌నగర్ దాకా ఇంజిన్ ఆపకుండానే వెళ్ళా. మొత్తం సుమారు 320 కిలోమీటర్లు, ఈ ఆటంకాలతో పదకొండు గంటలు.

మావయ్య హయత్‌నగర్ దగ్గర ట్రాలీ ఆటో నడుపుతున్నాడు. ఒక్క గది, ముందు రేకుల వరండా. నేను వీధి మలుపు తిరగ్గానే వరండాలోంచి లేచి నిలబడ్డాడు. నన్ను చూసి కాదు, శబ్దం విని. జుట్టు సగం పైన తెల్లబడింది. నేను అనుకున్నంత పొడుగు కూడా కాదు. ఆగినా ఇంజిన్ ఆపలేదు నేను. ఏదో ఒకటి అంటాడని, మెచ్చుకుంటాడని చూస్తున్నా. ఆయన వంగి, ట్యాంకు మీద చెయ్యి పెట్టి, ఇంజిన్ తలకి చెవి దగ్గరగా పెట్టి విన్నాడు.

"శబ్దం లేదేంట్రా?"

"నేనే సెట్ చేశా మావయ్యా" అన్నా.

"టాపెట్లు బిగించేశావ్. ఆపెయ్, ఆపెయ్ ముందు."

అప్పుడు కూర్చోబెట్టి చెప్పాడు, మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా. టాపెట్‌కీ వాల్వుకీ మధ్య వెంట్రుకంత సందు ఉండాలి. ఇంజిన్ వేడెక్కితే వాల్వు సాగుతుంది, సాగడానికి ఆ సందు. ఆ సందులోంచి వచ్చేదే టిక్కు టిక్కు. అది వస్తున్నంతసేపు భయం లేదు. సందు లేకుండా బిగిస్తే శబ్దం ఉండదు, కానీ వేడిలో వాల్వు పూర్తిగా మూసుకోదు. కంప్రెషన్ పోతుంది, అందుకే మిర్యాలగూడలో స్టార్ట్ కాలేదు. అలాగే ఇంకో వెయ్యి కిలోమీటర్లు నడిపితే సైలెన్సర్ వైపు వాల్వు కాలిపోతుంది. "వీడియోలో చెప్పలేదా?" అన్నాడు. వీడియోలో చెప్పే ఉంటాడు, నేను ఫార్వర్డ్ చేసి ఉంటా.

టాపెట్లు చల్లటి ఇంజిన్ మీదే చూడాలి. అంటే ఆ రాత్రి అక్కడే. రైలు సంగతి నేను ఎత్తలేదు, ఆయనా అడగలేదు.

రాత్రి వరండాలో పడుకుని అడిగేశా. అన్నీ అమ్మావు కదా, ఏరేటర్లు, ఇంజిన్లు, అత్త గాజులు. ఇదెందుకు అమ్మలేదు?

చాలాసేపటికి చెప్పాడు. "అమ్మితే పాతిక వేలు వచ్చేవేమో. నా బాకీకి అది ఏ మూలకీ రాదు. కానీ బండి ఊళ్ళో ఉంటే, వీడు మళ్ళీ వస్తాడు అనుకుంటారు. అప్పులోళ్ళు మీ నాన్న దగ్గరికి వచ్చి గొడవ చెయ్యలేదు చూడు, అందుకే. బండి అమ్మేస్తే ఇంక రాడు అని అర్థం."

కొంచెం ఆగి, "మీ అమ్మ కూడా అలాగే అనుకుంటదని" అన్నాడు.

అమ్మ ఎందుకు దాన్ని ఇచ్చేసి రమ్మందో నాకు అప్పుడు కొంచెం అర్థమైంది. పట్టా కింద ఉన్నంతకాలం అది ఎదురు చూసే బండి. బాగయ్యాక అది నా బండి అయిపోయింది. ఇంక దాన్ని చూసి ఎవరూ ఎవరి కోసమూ ఎదురు చూడరు. లేకపోతే ఇదంతా నా ఊహ కూడా కావచ్చు, మా అమ్మ ఏదీ విప్పి చెప్పదు.

ఆయన బాకీలు చాలావరకు తీర్చానన్నాడు. గొలుసు గురించి నేను అడగలేదు. "నాలుగు కాసులంటే ఇప్పుడు ఎంతో తెలుసా" అని ఆయనే అన్నాడు, చీకట్లోకి చూస్తూ. బంగారం ధర రోజూ ఫోన్లో చూస్తాడట.

పొద్దున దసరా. ఆరింటికే ఇంజిన్ చల్లగా ఉంది. టాపెట్ మూతలు విప్పి, ఎడమ పక్క మూత తీసి, ఫ్లైవీల్ మీద టీ గుర్తు కిటికీలోకి వచ్చేదాకా నెమ్మదిగా తిప్పించాడు నాచేత. పక్క షెడ్డులోంచి ఫీలర్ గేజీ అరువు తెచ్చాడు. ఆకుల్లాంటి పల్చటి ఉక్కు రేకులు, ఒక్కోదాని మీద మందం రాసి ఉంటుంది. రేకు దూరాలి, కానీ లాగితే కొంచెం పట్టుకోవాలి. "వెన్నలోంచి లాగినట్టు కాదు, పుస్తకం లోంచి కాగితం లాగినట్టు" అన్నాడు. తను చెయ్యి పెట్టలేదు. మూడుసార్లు తప్పు చేశా, మూడుసార్లూ విప్పించాడు. స్టార్ట్ చేస్తే టిక్కు టిక్కు వచ్చింది మళ్ళీ. ఆ శబ్దం అంత బాగుంటుందని అనుకోలేదు.

తర్వాత తన ట్రాలీకి పసుపు, కుంకుమ పెట్టి, బంతిపూల దండ కట్టాడు. దండలో సగం తెంపి కరిజ్మా హెడ్‌లైటుకి చుట్టాడు. చక్రాల కింద నిమ్మకాయలు. నేను తాళం తీసి ఆయన చేతిలో పెట్టా, అమ్మ చెప్పింది చెప్పా. ఆయన తాళం తీసుకున్నాడు. బండెక్కి ఆ వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాడు, ఒక్క రౌండు. దిగి తాళం నాకే ఇచ్చేశాడు.

"రైల్లో ఎలా పోతావ్, పండగ రద్దీ" అన్నాడు.

ఫారాలు బ్యాగులోంచి తీశా. చూశాడు, మడిచి మళ్ళీ బ్యాగులో పెట్టాడు. "పేరు ఇప్పుడే వద్దులే అల్లుడూ. ఉండనీ. రెన్యువల్ 2029 దాకా ఉందిగా."

తిరుగు ప్రయాణంలో ఏమీ జరగలేదు. మిర్యాలగూడలో కావాలని అదే టీ కొట్టు దగ్గర ఆపి, టీ తాగి, సెల్ఫ్ కొట్టా. ఒక్క దెబ్బ. లారీ వాళ్ళు లేరు చూడ్డానికి.

ఇంటికి చేరేసరికి చీకటి పడింది. అమ్మ శబ్దం విని బయటికి వచ్చింది. బండిని చూసింది, నన్ను చూసింది, వెనక సీటు వైపు కూడా చూసింది. వాడిపోయిన బంతిపూలు చూసింది. తిడుతుందనుకున్నా.

"చిక్కాడా?" అంది.

"జుట్టు తెల్లబడింది. మనిషి బానే ఉన్నాడు."

"తిన్నావా?" అంది నాతో, లోపలికి నడుస్తూ. మర్నాడు పొద్దున చూస్తే బండి మీద ఎవరో పట్టా కప్పి ఉంది, మంచు పడకుండా, సీటు వరకే. నాన్నేమో అనుకుని అడిగితే నేను కాదన్నాడు.

ఇప్పుడు మీటరు 68,400 దగ్గర ఉంది. వచ్చే నెల ఇంజిన్ ఆయిల్ మార్చాలి, వెనక బ్రేకు లైనర్లు కూడా అయిపోవచ్చాయి. సంక్రాంతికి మావయ్య వస్తానన్నాడు, నాతో అన్నాడు, అమ్మతో కాదు. అమ్మకి నేను చెప్పలేదు, కానీ షెడ్డు మీద రేకులు వేయిద్దామని ఆవిడే నాన్నని పోరుతోంది. ఎవరి ఊళ్ళోనైనా, పాత సామాన్ల షాపుల్లోనైనా పాత మోడల్ కరిజ్మా ఎడమ పక్క సైడ్ ప్యానెల్ కనిపిస్తే చెప్పండి. రంగు ఏదైనా పర్లేదు, సంక్రాంతిలోపు కావాలి.